నీరు దిగిన దారి: పాత ట్రావెల్ ట్రైలర్ ఎంపికలో ఒక కేసు

పాత ట్రావెల్ ట్రైలర్లను కొనేవారి తరఫున పరీక్షించడం నా వృత్తి. కారుకు తగిలించి లాక్కెళ్లే ఈ చక్రాల ఇళ్లలో పడకలు, వంటగది, స్నానాల గది, నీళ్ల ట్యాంకులు, గ్యాస్, కరెంటు అన్నీ ఉంటాయి. ఇల్లు కట్టేవారి చూపు, బండి బాగుచేసేవారి చూపు రెండూ ఉంటేనే వీటి మంచిచెడ్డలు తెలుస్తాయి. ఈ కేసులో ఒక కుటుంబం నాలుగేళ్ల ట్రైలర్‌ను వదులుకుని పదమూడేళ్ల ట్రైలర్‌ను కొన్నది. ఆ నిర్ణయం వెనుక ఉన్న కొలతలను, నేను పొరబడిన చోటును కూడా దాచకుండా రాస్తున్నాను.

భార్యాభర్తలిద్దరూ ఉపాధ్యాయులు. ఇద్దరు పిల్లలు. ఏటా సెలవుల్లో ఆరు వారాలు రోడ్డు మీద గడపాలన్నది వారి కోరిక, అందుకోసం కొన్నేళ్లుగా డబ్బు కూడబెట్టారు. నాకు ఫోను చేసేసరికే ఒక ట్రైలర్ వారి మనసులో పడిపోయింది. "మీరొకసారి చూసి బాగుందంటే చాలండీ, అడ్వాన్సు ఇచ్చేస్తాం" అన్నారాయన. నేను చూసి చెప్పేదాకా అడ్వాన్సు మాత్రం ఆపమన్నాను.

వెళ్లేముందు అమ్మేవారిని మూడు సంగతులు అడుగుతాను. నేను వచ్చేసరికి కరెంటు, నీరు, గ్యాస్ కలిపి ఉంచాలి. ఫ్రిజ్‌ను ముందురోజు సాయంత్రమే ఆన్ చేసి ఉంచాలి. ట్రైలర్‌ను కడగకూడదు. మూడోది విని చాలామంది ఆశ్చర్యపోతారు. దుమ్ము మీద నీరు గీసిన చారలు నాకు చాలా చెబుతాయి. కడిగితే అవన్నీ పోతాయి.

మొదటి ట్రైలర్

నాలుగేళ్లది. మెరిసే తెల్లని గోడలు, ఆగిన చోట ఒక మీట నొక్కితే పక్కకు జరిగి హాలును పెద్దది చేసే గది. పిల్లలకు ఆ గదే నచ్చిందట.

గోడలు నునుపైన ఫైబర్‌గ్లాస్ రకం. పైన పలుచని ఫైబర్‌గ్లాస్ రేకు, దాని వెనుక సన్నని ప్లైవుడ్, మధ్యలో ఫోమ్, లోపలివైపు మరో ప్లైవుడ్. వీటన్నిటినీ జిగురుతో అతికించి ఒకే పలకగా చేస్తారు. పలక తేలికగానూ గట్టిగానూ ఉంటుంది, తడి తగలనంతవరకు. తడి తగిలితే జిగురు పట్టు వదిలి పొరలు విడిపోతాయి, పై రేకు ఉబ్బుతుంది. ఒకసారి విడిపోయిన పొరల్ని అక్కడికక్కడ అతికించి సరిచేయడం చాలా కష్టం. తరచుగా ఆ గోడనే మార్చవలసి వస్తుంది.

నేను ముందు కప్పు ఎక్కుతాను. కప్పు మీద రబ్బరు పొర బాగానే ఉంది. గాలి కిటికీల చుట్టూ సీలెంట్ (సందులు మూసే జిగురు) పాతబడి బూడిద రంగుకు తిరిగింది. ముందు అంచున మాత్రం ఒకటిన్నర మీటరు పొడవున కొత్త తెల్లని సీలెంట్ పూశారు. గోటితో నొక్కితే సిలికాన్ అని తెలిసింది. రబ్బరు కప్పు మీద సిలికాన్ సరిగా పట్టదు, పైగా అది పూసిన చోట ఆ తర్వాత మరే సీలెంటూ అతుక్కోదు. ఏటా కప్పంతా చూసుకుంటూ సీలెంట్ పూయడం మంచి యజమాని లక్షణం. ఒక్కచోటే, అదీ అడుగున పాతది గోకకుండానే కొత్తది పూశారంటే, ఎప్పుడో అక్కడ నీరు కారడం ఎవరో చూశారన్నమాట.

లోపలికి అడుగుపెట్టగానే సువాసన. ప్రతి అల్మరాలోనూ ఒక పరిమళపు పొట్లం వేలాడుతోంది. ముందు మంచం కింద సామాన్ల అర తెరిచి దీపం వేసి చూశాను. కుడి మూలన ప్లైవుడ్ మీద అరచేయంత గోధుమరంగు మరక.

"వర్షంలో కిటికీ మూయడం మరిచిపోయామండీ, ఆ ఒక్కసారే" అన్నారు అమ్మే ఆయన. మరకకు సరిగ్గా పైనే కిటికీ ఉంది కాబట్టి ఆ మాట నమ్మదగినదిగానే ఉంది. మరక చూసి ఆగిపోయేవారు ఇక్కడే మోసపోతారు. ట్రైలర్ గోడలో నీరు నిటారుగా పడదు. ఎక్కడో స్క్రూ రంధ్రంలో దిగి, చట్రం పట్టీని పట్టుకుని పక్కకు పోయి, సందు దొరికిన చోట కిందికి జారి, దారి మూసుకుపోయిన చోట నిలుస్తుంది. మరక పడేది అది నిలిచిన చోటే. అది లోపలికి వచ్చిన చోటు రెండు మీటర్ల దూరంలో ఉండవచ్చు.

తేమ మీటరు తీశాను. వెనుక గోడలో 11 నుంచి 12 శాతం, పక్క గోడల్లో 13, 14. చెక్కలో 15 శాతం దాకా నేను కంగారుపడను. 20 దాటితే కుళ్లు పట్టే ప్రమాదం మొదలైనట్టే. ముందు గోడలో కిటికీకి ఎడమ పక్కన 14, కుడి పక్కన 23, కుడి కింది మూలన 28 వచ్చింది. కిటికీ పైన కూడా కుడివైపు 21 ఉంది. కిటికీలోంచి వచ్చిన నీరు కిటికీకి పైకి ఎక్కదు కదా.

అనుమానం తీర్చుకోవడానికి గాలి పరీక్ష చేశాను. ట్రైలర్ కిటికీలు, గొట్టాలు మూసి, కప్పు మీది ఒక గాలి కిటికీలో బలమైన ఫ్యాను అమర్చి లోపలికి గాలి తోస్తే లోపలి పీడనం కొద్దిగా పెరుగుతుంది. అప్పుడు బయట అతుకుల మీద సబ్బునీళ్లు చల్లితే, సందు ఉన్న ప్రతిచోటా బుడగలు వస్తాయి. నీరు లోపలికి వచ్చే దారినే గాలి బయటకు వెళుతుంది. కిటికీ చుట్టూ ఒక్క బుడగా రాలేదు. కుడివైపు పై మూలన, కొత్త సిలికాన్ అంచు కిందనుంచి, దాని పక్కనున్న చిన్న దీపం చుట్టూ రేగుపళ్లంత బుడగలు గుత్తులుగా పొంగాయి.

అమ్మే ఆయన్ని పిలిచి చూపించాను. ఆయన చాలాసేపు మాట్లాడలేదు. తాను కొని ఏడాదే అయిందని, తనకు అమ్మినవారు కూడా కిటికీ కథే చెప్పారని ఆ తర్వాత అన్నారు. ఆ మాట నిజమనే అనుకుంటున్నాను. పాత ట్రైలర్‌తో పాటు దాని కథ కూడా చేతులు మారుతుంది.

ఆయన అనుమతితో అర లోపల, బయటకు కనబడని చోట, అడుగు దూలానికి సన్నని ఆరె గుచ్చాను. గట్టి చెక్కలో మొన దిగడమే కష్టం. ఇక్కడ నానిన అట్టలో దిగినట్టు రెండంగుళాలు దిగింది. సాయంత్రం ఎండ ఏటవాలుగా పడే వేళ గోడకు చెంప ఆనించినంత దగ్గరగా నిలబడి చూస్తే, ముందు గోడ మీద రెండు జానల వెడల్పున ఉబ్బు కనిపించింది. మధ్యాహ్నం వెలుగులో ఎదురుగా నిలబడి చూసినప్పుడు అది అసలు కనబడలేదు. అందుకే పరీక్షకు కనీసం అయిదారు గంటలు కేటాయించమని అడుగుతాను, అందులో ఒక గంట సాయంత్రానికి మిగిలేలా చూసుకుంటాను.

పక్కకు జరిగే గది నేల అంచు కూడా ఉబ్బి ఉంది. అది చిన్న లోపమే కానీ ఈ గదులున్న ప్రతి ట్రైలర్‌లోనూ కింది అంచు తడిమి చూడవలసిందే. రబ్బరు పట్టీ చిరిగితే ముందు తడిసేది అదే.

బరువు లెక్క

"ఆ తడి ఆరబెట్టించి, పైన గట్టిగా మూయిస్తే సరిపోదా అండీ?" అని ఆవిడ అడిగారు. పిల్లలు అప్పటికే ఎవరి మంచం ఏదో పంచుకున్నారు. ఆ ప్రశ్నకు సగం సమాధానం సులభం. ఆరబెడితే తడి పోతుంది కానీ విడిపోయిన జిగురు మళ్లీ పట్టుకోదు, కుళ్లిన దూలం గట్టిపడదు. గోడ విప్పేదాకా ఖర్చు ఎంతో ఎవరూ చెప్పలేరు. మిగతా సగం సమాధానం వారి కారులోనే ఉంది.

వారి కారు లాగగలిగే గరిష్ఠ బరువు 2,400 కిలోలు. ట్రైలర్ మెడ కారు హిచ్ (ట్రైలర్‌ను తగిలించే కొక్కెం) మీద మోపగలిగే భారం 250 కిలోలు. ట్రైలర్ కరపత్రంలో ఖాళీ బరువు 2,150 అని ఉంది కాబట్టి సరిపోతుందని వారు లెక్కవేసుకున్నారు. ఈ పొరపాటు నేను మళ్లీ మళ్లీ చూస్తున్నాను. కంపెనీ చెప్పే ఖాళీ బరువులో నీరు, సామాను ఉండవు. చాలాసార్లు బ్యాటరీ, గ్యాస్, తర్వాత బిగించిన అదనపు సరంజామా కూడా ఉండవు. అమ్మే ఆయనతో మాట్లాడి ట్రైలర్‌ను వేబ్రిడ్జికి తీసుకెళ్లాం. ఉన్నది ఉన్నట్టుగా 2,290 తూగింది. నీళ్ల ట్యాంకు నింపితే 150 లీటర్లు, అంటే 150 కిలోలు. దానితోనే 2,440 అయింది. నలుగురి బట్టలు, వంట సామాను, పిల్లల సైకిళ్లు ఇంకా లెక్కలోకే రాలేదు.

మెడ మీది భారం సంగతి ఇంకా కీలకం. నిండుగా సర్దిన ట్రైలర్ మొత్తం బరువులో 10 నుంచి 15 శాతం హిచ్ మీద పడాలి. తక్కువైతే ట్రైలర్ వెనుక భాగం వేగంలో పాములా ఊగుతుంది. ఊపు మొదలయ్యాక దాన్ని అదుపు చేయడం అనుభవమున్న డ్రైవరుకూ కష్టమే. ఎక్కువైతే కారు వెనుక కుంగి, ముందు చక్రాల పట్టు తగ్గుతుంది. సామానుతో కలిపి 2,600 కిలోలు అనుకుంటే, దానికి 10 శాతమే చూసినా 260. అంటే హద్దు దాటినట్టే. నీరు కారకపోయినా, గోడలు చెక్కుచెదరకపోయినా, ఆ ట్రైలర్ ఆ కారుకు తగదు.

ఆ రాత్రి వారు నిరాశతో వెళ్లారు. నాకూ బాధ కలిగింది. కానీ ట్రైలర్ మీద మనసు పడ్డాక కారు మార్చడానికి సిద్ధపడేవారిని చూశాను. ఆ దారి వద్దని గట్టిగా చెప్పాను. ముందు కారు హద్దు కాగితం మీద రాసుకుని, ఆ తర్వాతే ట్రైలర్ల వైపు చూడాలి.

మధ్యలో ఇంకొక ట్రైలర్ వచ్చింది. కరెంటు, నీరు కలపడం కుదరదని, చూసి కొనుక్కోవడమేనని అమ్మేవారు ఫోనులో చెప్పారు. వెళ్లలేదు.

రెండో ట్రైలర్

నెల తర్వాత వారు పంపిన ఫోటోలలో ఉన్నది అందవిహీనమైన బండి. పదమూడేళ్లది. చెక్క చట్రం మీద ముడతల అల్యూమినియం రేకు. ఎడమవైపు ఒక సొట్ట, వెలిసిపోయిన స్టిక్కర్లు, పాత తెరలు. పక్కకు జరిగే గది లేదు. "పిల్లలకు చూపించలేదండీ" అన్నారావిడ. అమ్మేవారు వయసు మళ్లిన దంపతులు. ట్రైలర్ లాగడం ఇక తమ వల్ల కాదని అమ్మకానికి పెట్టారు.

ఆయన నా చేతికి ఒక నోటుబుక్కు ఇచ్చారు. ప్రతి వసంతంలో కప్పు ఎక్కి ఎక్కడెక్కడ సీలెంట్ గోకి పూశారో, ఏ సంవత్సరం చక్రాల బేరింగులు విప్పి గ్రీజు పెట్టించారో, ఎప్పుడు ఏ బల్బు మార్చారో అన్నీ ఉన్నాయి. నోటుబుక్కు చూసి పరీక్ష తగ్గించను. అందులో రాసినదాన్ని బండిలో వెతికి సరిచూస్తాను. టైర్లు మూడేళ్ల కిందట మార్చినట్టు రాశారు. టైరు పక్కన కోడు చివర నాలుగంకెలుంటాయి. మొదటి రెండూ తయారైన వారం, తర్వాతి రెండూ సంవత్సరం. 2319 అంటే 2019లో 23వ వారం. నాలుగు టైర్ల అంకెలూ ఆయన రాతతో సరిపోయాయి. ట్రైలర్ టైరు గాడి అరగకముందే వయసుతో పాడవుతుంది. గాడి నిండుగా ఉన్నా అయిదారేళ్లు దాటితే మార్చమనే నా సలహా.

తేమ దాదాపు అన్నిచోట్లా 10 నుంచి 13. రెండు చోట్ల మీటరు అరిచింది. ఒకటి, తలుపు పక్కన గోడలో 30 దాటింది. నా దగ్గరున్న మొదటి మీటరు సూదులు లేనిది, గోడ మీద ఆనిస్తే చాలు. దానితో చిక్కేమిటంటే వెనుక లోహం ఉన్నా తడి ఉన్నట్టే చూపుతుంది. సూదుల మీటరుతో చూస్తే 12 వచ్చింది. స్విచ్చుల పెట్టె విప్పి చూస్తే వెనుక లోహపు పలక ఉంది. సూదులు లేని మీటరు ఒక్కటే పట్టుకుని తిరిగేవారు ఇలాంటి చోట మంచి ట్రైలర్‌ను కాదనుకుని పోతారు.

రెండోది నిజమైన తడి. స్నానాల గది గాలి కిటికీ చుట్టూ 19. ఆరె గుచ్చితే చెక్క గట్టిగానే ఉంది. పైకెక్కితే ప్లాస్టిక్ మూత ఎండకు పగిలి ఉంది. మూత మార్చి, అంచున పాత పట్టీ తీసి కొత్త బ్యూటిల్ టేపు (నీరు చొరని జిగట పట్టీ) వేయించి, పది రోజుల తర్వాత మళ్లీ కొలుస్తానని, అప్పుడు 15 లోపు వస్తేనే కొనుగోలని షరతు పెట్టాం. పెద్దాయన ఒప్పుకున్నారు. పది రోజుల తర్వాత 13 వచ్చింది. తడి ఎక్కడినుంచి వస్తున్నదో తెలిసి, చెక్క గట్టిగా ఉండి, ఆగిందని కొలిచి చూడగలిగితే ఆ తడి ఒక చిన్న మరమ్మతు మాత్రమే. మొదటి ట్రైలర్‌లో ఈ మూడింటిలో రెండు లేవు.

చెప్పులు విడిచి నేలంతా నడిచాను. తలుపు దగ్గర, కమోడు చుట్టూ, మంచాల కింద మడమతో నొక్కి చూశాను. ఎక్కడా మెత్తదనం లేదు.

చక్రాల దగ్గర పని దొరికింది. కుడి వెనుక టైరు లోపలి అంచు ఎక్కువ అరిగింది. కమాను పట్టీల కంటిలోని ప్లాస్టిక్ బుషింగులు (బోల్టు చుట్టూ ఉండే తొడుగులు) అరిగిపోయి, బోల్టు రంధ్రాలు కోలగా సాగాయి. అందుకే ఇరుసు కొద్దిగా వంకరగా నడుస్తోంది. అదే చక్రం విప్పితే గ్రీజు సీలు కారి బ్రేకు షూ (ఒరుసుకుని చక్రాన్ని ఆపే భాగం) తడిసింది. గ్రీజు పట్టిన షూ పట్టు వదిలేస్తుంది. బుషింగులు కంచువి వేయించడం, సాగిన పట్టీలు, సీళ్లు, షూలు మార్చడం, వీటన్నిటి ఖర్చు ధరలోంచి తగ్గించుకున్నాం. అత్యవసర బ్రేకు స్విచ్చు పిన్ను లాగి చూశాం. ట్రైలర్ కారునుంచి ఊడిపోతే ఆ పిన్ను ఊడి, ట్రైలర్‌లోని బ్యాటరీతోనే బ్రేకులు పడాలి. పడలేదు. తీగ చివర తుప్పు. శుభ్రం చేసి కొత్త స్విచ్చు వేస్తే చక్రాలు బిగిశాయి. అమ్మేవారిలో నూటికి తొంభైమంది ఈ పిన్ను ఒక్కసారైనా లాగి చూసి ఉండరని నా నమ్మకం, అందుకే దీన్ని నేనే లాగుతాను.

ఫ్రిజ్ గ్యాస్‌తోనూ కరెంటుతోనూ నడిచే రకం. ఇందులో కంప్రెసర్ ఉండదు, వేడితో అమ్మోనియా ద్రావణం తిరుగుతూ చల్లబరుస్తుంది. ట్రైలర్ సమతలంగా లేకుండా ఎక్కువసేపు నడిపితే లోపలి గొట్టాలు పాడవుతాయి. వెనుక మూత తీసి పసుపు పొడి గానీ అమ్మోనియా ఘాటు గానీ ఉందేమో చూశాను, లేవు. రాత్రంతా నడిచిన ఫ్రిజ్‌లో గ్లాసు నీళ్లు 4 డిగ్రీలు చూపాయి. తలుపు తెరవగానే తగిలే గాలిని కాకుండా నీటిని కొలిస్తేనే అసలు చల్లదనం తెలుస్తుంది.

గ్యాస్ గొట్టాల్లో పీడనం పట్టి ఉంచితే తగ్గలేదు. గ్యాస్ అలారం మాత్రం గడువు దాటి ఉంది. అవి సాధారణంగా 5 నుంచి 7 ఏళ్లే పనిచేస్తాయి. మీట నొక్కితే కూత వస్తుంది కాబట్టి బాగుందనుకుంటారు, కానీ గ్యాస్‌ను పసిగట్టే భాగం బాగుందని ఆ కూత చెప్పదు. కొత్తది పెట్టించాం. నీటి పంపు ఆన్ చేసి కుళాయిలన్నీ మూస్తే అది ఆగి నిశ్శబ్దంగా ఉండాలి. ఆరేడు నిమిషాలకొకసారి టక్కుమని మొదలవుతోంది. ఎక్కడో నీరు పోతోంది. కమోడు వెనుక వాల్వు చలికి చీలిందని తేలింది. బ్యాటరీ విశ్రాంతిలో 12.2 వోల్టులు, అంటే సగం చార్జి. చార్జరు కలిపితే 13.6కు ఎక్కింది. చాసిస్ నంబరు ఇరుసు చట్రం మీదా, పలక మీదా, కాగితాల మీదా ఒకటే. అప్పు బాకీ లేదు.

తూకం 1,660. నీరు, సామాను, మనుషులకు కావలసినవన్నీ కలిపితే 1,950 దాటదు. అందులో 12 శాతం 234. కారు హద్దు లోపలే.

కొనమన్నాను. కొన్నారు.

పద్నాలుగు నెలల తర్వాత

వారే మళ్లీ పిలిచారు, రెండు సెలవుల ప్రయాణాల తర్వాత. తేమ ఎక్కడా 14 దాటలేదు. స్నానాల గది పైన 12. నాలుగు టైర్లూ సమంగా అరిగాయి. ఇవి నాకు సంతోషం కలిగించిన కొలతలు.

కానీ ఆయన ఒక సంగతి చెప్పారు. రెండో ప్రయాణంలో ఒక పొడవైన దిగుడులో బ్రేకు వేసినప్పుడు ట్రైలర్ ఒక పక్కకు లాగిందట. వేగం తక్కువ కాబట్టి ప్రమాదం జరగలేదు. విప్పి చూస్తే, ఇరుసు గొట్టం లోపలినుంచి ఒక పక్క బ్రేకుకు వెళ్లే తీగ గొట్టం అంచుకు రాసుకుని రాసుకుని తొడుగు చిరిగింది. కదలకుండా నిలబెట్టినప్పుడు తీగ తాకుతూ బ్రేకు పనిచేస్తుంది. గతుకుల్లో వదిలేస్తుంది. నేను పరీక్షించింది నిలబెట్టి. పిన్ను లాగి, చక్రాలు బిగిశాయని చూసి సరే అనుకున్నాను. ఆ పొరపాటు నాది. తీగ మార్పించే ఖర్చు నేనే పెట్టుకున్నాను.

అప్పటినుంచి బ్రేకుల తీగలో కరెంటు కొలుస్తున్నాను. ఈ ట్రైలర్ బ్రేకులు కరెంటు అయస్కాంతాలతో పడతాయి, ఈ పరిమాణం బ్రేకుల్లో ఒక్కో అయస్కాంతం 12 వోల్టుల దగ్గర సుమారు 3 ఆంపియర్లు తీసుకుంటుంది. నాలుగు చక్రాలకు 12 దగ్గర రావాలి. 9 వస్తే ఒక బ్రేకు లేనట్టు. కొలిచేటప్పుడు పక్కన ఒకరు ఇరుసు దగ్గర తీగల్ని చేత్తో కదుపుతూ ఉండాలి. అంకె ఎగిరిపడిందంటే తీగ ఎక్కడో తెగడానికి సిద్ధంగా ఉన్నట్టే. ఇరుసు గొట్టంలో తీగలున్న పాత ట్రైలర్లకైతే వాటిని తీసేసి, గొట్టం బయటినుంచి తొడుగులో కొత్త తీగ వేయించమని కొనేముందే నివేదికలో రాస్తున్నాను.